చక్రపాణి వంతు

ఆ ఆదివారానికి చక్రపాణి వేసుకున్న పథకంలో పొరపాటుకు ఎక్కడా చోటు లేదు. తెల్లవారకముందే లేచి ఏడుగురికి సరిపడా పులిహోర కలపాలి. ఎనిమిది గంటల బస్సుకు జట్టును ఎక్కించి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ చేర్చాలి. మధ్యాహ్నం అందరికీ పులిహోర పెట్టి, నాలుగింటికి ఫైనల్ ఆడించి, చీకటి పడేలోగా వెనక్కి రావాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, చివర "పౌలు, వెంకటేశ్వర్లు కొట్టుకోకుండా చూడాలి" అని రాసి, ఆ ఒక్క వాక్యం కింద మాత్రం రెండు గీతలు గీశాడు.

అది 1979 వేసవి. జీతాలిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించే జట్టు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. అది నంద్యాలలో హనుమంతయ్య శెట్టి గారి నూనెమిల్లు జట్టు. మస్టరులో వాళ్లంతా మిల్లు పనివాళ్లు. చేసే పని మాత్రం పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట బంతి ఆడటం. వేరుశనగ నూనెకూ ఈ ఆటకూ ఏమిటి సంబంధమని ఎవరైనా అడిగితే శెట్టిగారు, "ఒక్క బంతితో పదిమంది పనిచేస్తారప్పా. ఇంతకన్నా పొదుపైన ఆట ఉంటే చెప్పు, అదే పెడతా" అనేవారు. చక్రపాణి ఆ మిల్లులో గుమాస్తా. ఆటలో ఓనమాలు కూడా రావు. ఎవరితోనూ తగాదా పెట్టుకోని మనిషి అన్న ఒకే ఒక్క అర్హత చూసి ఏడేళ్ల కిందట ఆయన్ను జట్టుకు మేనేజరును చేశారు.

జట్టులో బంతి వేసేవాళ్లు ఇద్దరే. పౌలు ఆరడుగుల మూడంగుళాల మనిషి. రింగు కింద నిలబడి చెయ్యి చాపితే చాలు, బంతి బుట్టలో పడేది. వెంకటేశ్వర్లుది బండి ఆత్మకూరు. పొట్టివాడు, దూరం నుంచి గురి చూసి వేసేవాడు. మిగతావాళ్లు బంతిని ఈ ఇద్దరికీ అందించడానికి పుట్టినట్టు ఉండేవాళ్లు. ఇద్దరూ బాగా వేస్తారు గనక ఇద్దరికీ పడేది కాదు. ఫైనల్‌కు వారం ముందు ఇద్దరూ విడివిడిగా శెట్టిగారి దగ్గరికి వెళ్లారు.

"రింగు కింద గుంజ మాదిరి నిలబడుకోని ఉంటా శెట్టీ. ఆ యెంకటేశ్వర్లు నన్ను చూసీ చూడనట్టు ఆడాడ్నుంచే ఎగరేస్తాడు" అన్నాడు పౌలు.

"వానికి బాల్ ఇస్తే బావిలో ఏసినట్టే. మళ్లా బయటికి రాదు" అన్నాడు వెంకటేశ్వర్లు.

శెట్టిగారు చక్రపాణిని పిలిపించారు. "చూడు సామీ, ఈ ఇద్దరిలో ఏ ఒక్కడు ఇంకొకని మీద చాడీలు మోసుకోని నా కాడికి మళ్లా వచ్చినా, ఆ దినమే టీమ్ మూసేస్తా. ఎవడు ఎన్ని ఎయ్యాలో నువ్వే సమానంగా పంచు. గుళ్లో పుట్టినోనివి, పంచేది నీకు తెలియనిదా?"

జట్టు మూతపడితే ఆటగాళ్లకు మిల్లులోనే మరో పని దొరుకుతుంది. చక్రపాణికి మాత్రం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న బతుకు పోతుంది. నలభై ఏళ్లొచ్చినా పెళ్లి లేదు. ఒక గది, గది ముందు ఒక అరుగు. ఆట ముగించుకుని జట్టంతా వచ్చి ఆ అరుగు మీద కూలబడేది. కూజాలో నీళ్లు తాగి, కాసేపు వాదించుకుని, కాసేపు నవ్వుకుని లేచిపోయేవాళ్లు. ఆయన గడపలో కూర్చుని వినేవాడు, మధ్యలో "ఊ" అనేవాడు. వాళ్లు వెళ్లాక ఆరు గ్లాసులనూ అవసరానికి మించి సేపు కడిగేవాడు. రోజుకు ఒక్క గ్లాసే కడుక్కున్న ఏళ్లు ఆయనకు బాగా గుర్తున్నాయి. మళ్లీ ఆ రోజులు వస్తాయంటే ఆయనకు నిజంగా భయం.

చక్రపాణిది అహోబిలం. తండ్రి గుడి కైంకర్యంలో ఉండేవాడు. ఆయన పోయాక, ఏడాదికి నెలరోజులు వచ్చే కైంకర్యపు వంతును అన్న పార్థసారథీ తనూ చెరో పదిహేను రోజులు పంచుకోవాల్సి వచ్చింది. ఏ పదిహేను రోజులు ఎవరివి అన్న దగ్గర మాటా మాటా పెరిగేట్టు కనబడగానే, చక్రపాణి తన వంతు కూడా అన్నకే ఇచ్చేసి నంద్యాల బస్సెక్కాడు. అన్న వచ్చి ఆపుతాడేమోనని బస్సు కదిలేదాకా కిటికీలోంచి వీధి వైపు చూస్తూనే ఉన్నాడు. బస్సు కదిలింది. అది జరిగి పన్నెండేళ్లయింది. ఇటు నుంచి గాని అటు నుంచి గాని ఉత్తరం ముక్క లేదు.

అయినా పంపకం అనగానే ఆయన మనసు అహోబిలానికే పోయింది. గుళ్లో తీర్థప్రసాదాలు పంచేటప్పుడు అందరూ గోష్ఠిలో వరుసగా ఉంటారు. మొదటి తీర్థం ఎవరికో, ఆ తర్వాత ఎవరికో తాతల నాడే ఖరారై ఉంటుంది. వరుసలో చివరి మనిషికి అందేదాకా మొదటి మనిషి రెండోసారి చెయ్యి చాపకూడదు. ఆకలేసినా చాపకూడదు, గంగాళం నిండుగా కనబడుతున్నా చాపకూడదు. ఇంత చక్కటి పద్ధతి బంతాటలో ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టకపోవడం చక్రపాణికి వింతగా తోచింది.

బస్సు శిరివెళ్ల దాటాక ఆయన లేచి, కమ్మీ పట్టుకుని నిలబడి, జట్టుకు ఆ పద్ధతి వివరించాడు. "ఆడే ఐదుగురూ గోష్ఠిలో ఉన్నట్టు అనుకోండప్పా. ఒకడు రింగుకు వేసినాక, తక్కిన నలుగురూ వేసేదాకా వాడు మళ్లా వేయకూడదు. బాల్ పడినా సరే, పడకున్నా సరే."

"ఎదురుగా ఖాళీ ఉంటే?" అని అడిగాడు మద్దిలేటి. మద్దిలేటిది భారీ విగ్రహం. ఎదుటివాళ్లను అడ్డుకోవడమే అతని పని. మూడేళ్లలో ఒక్కసారి కూడా రింగు వైపు బంతి విసిరిన పాపాన పోలేదు.

"ఖాళీ ఉన్నా వరుస వరుసే."

"మొదట ఎవరు సామీ?" పౌలూ వెంకటేశ్వర్లూ ఒకేసారి అడిగారు.

ఈ ప్రశ్న వస్తుందని చక్రపాణికి తెలుసు. మొదటి తీర్థం కోసం కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలను ఆయన ఎరుగును. అందుకే ఇద్దరికీ కాకుండా మొదటి వంతు మద్దిలేటికి ఇచ్చాడు. పౌలుకు రెండోది, వెంకటేశ్వర్లుకు మూడోది. మద్దిలేటి మొహం పాలిపోయింది.

"నేనేం తప్పు చేసినా సామీ?" అన్నాడు దీనంగా.

నియమం అందరికీ అర్థమైంది గాని, అది ఎందుకు పుట్టిందో ఇద్దరికి మాత్రం తప్పుగా అర్థమైంది. ఇది తనను కట్టడి చేయడానికి వెంకటేశ్వర్లు శెట్టిగారితో చెప్పి పెట్టించిందని పౌలు అనుకున్నాడు. పౌలే పెట్టించాడని వెంకటేశ్వర్లు అనుకున్నాడు. రేపు ఎవడూ తనను వేలెత్తి చూపకుండా ఈ వరుసను అక్షరం పొల్లుపోకుండా పాటించి తీరాలని ఇద్దరూ ఎవరికి వారు పళ్లు బిగబట్టుకున్నారు. అలిగినవాడు పాటించినంత కచ్చితంగా నియమాన్ని భక్తుడు కూడా పాటించలేడు.

ఆళ్లగడ్డలో బడి మైదానంలో ఆట. మట్టి కోర్టు మీద సున్నపు గీతలు గీశారు. చుట్టూ ఐదొందల మంది జనం, ఒక మైకు, గెలిచినవాళ్లకు కప్పుతో పాటు రెండు గంపల బనగానపల్లె మామిడిపండ్లు. జాబితాలో కనీసం ఏడు పేర్లు ఉంటేనే ఆడనిస్తామని నిర్వాహకులు పట్టుబట్టడంతో, ఆరుగురే ఉన్న జట్టుకు ఏడో పేరుగా చక్రపాణి తన పేరే రాసి, ఎదురుగా పదో నంబరు వేశాడు. రాసేటప్పుడు ఆయనకు నవ్వొచ్చింది కూడా.

ఆట మొదలైంది. మద్దిలేటి కళ్లు మూసుకుని విసిరిన మొదటి బంతి బోర్డు మీదుగా పోయి టీ బంకు రేకుల మీద దబ్బున పడింది. బెంచీ మీద చక్రపాణి ఎడమ అరచేతిలో ఐదు చింతగింజలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకరి వంతు కాగానే ఒక గింజ కుడిచేతికి మార్చి, తర్వాతి పేరు గట్టిగా పిలిచేవాడు. "ఇంగ పౌలు!" "ఇంగ వెంకటేశ్వర్లు!"

మేనేజరు పిలుపు ఆటగాళ్లతో పాటు ఎదుటి జట్టుకు కూడా వినబడుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఐదు నిమిషాల్లో ఆళ్లగడ్డ వాళ్లకు కీలకం దొరికిపోయింది. "పౌలు" అనగానే ఐదుగురూ పౌలును చుట్టుకునేవారు. మిగతా నలుగురు నంద్యాల ఆటగాళ్లు బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలా ఖాళీగా నిలబడేవారు. పది నిమిషాలు గడిచేసరికి పన్నెండు, నాలుగు. నాలుగు నంద్యాలవి.

చక్రపాణి ఆట ఆపించి అందరినీ దగ్గరికి పిలిచాడు. "పేర్లు పిలిస్తే వాళ్లకు తెలిసిపోతాంది. ఇంగ నవనారసింహుల పేర్లతో పిలుస్తా. మద్దిలేటి జ్వాల. పౌలు అహోబిల. వెంకటేశ్వర్లు మాలోల. తక్కిన ఇద్దరూ క్రోడ, కారంజ."

"నాకేం పర్వాలేదు సామీ" అన్నాడు పౌలు చెమట తుడుచుకుంటూ. "మా యమ్మ సుగుణమ్మ చర్చీలో పాటలు పాడుతుంది. ఆమెకు మాత్రం చెప్పొద్దు."

ఆట మళ్లీ మొదలైంది. చక్రపాణి గొంతెత్తి "మాలోలా!" అన్నాడు. ఆ గొంతు గుళ్లో పెరిగిన గొంతు. ఏటా అహోబిలం తిరునాళ్లకు పోయే జనం అక్కడ సగానికి సగం ఉన్నారు. వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "గోవిందా!" అన్నారు. "క్రోడా!" అంటే ఈసారి యాభై మంది "గోవిందా!" అన్నారు. మజ్జిగ అమ్ముకుంటున్న జానకమ్మ కుండ దించి రెండు చేతులూ జోడించింది. "పాపం, ఆ అయ్యోరు మొక్కుకోని కూచున్నట్టుండాడు" అని ఆమె అనగానే, ఆ మాట జనంలో చుట్టూ తిరిగి, మైకాయనకు చేరేసరికి నలభై ఒక్క రోజుల దీక్ష అయింది. బెంచీ మీది నుంచి అరిచినందుకు ఫౌల్ ఇవ్వాలని రెఫరీ రెండుసార్లు విజిల్ నోటి దాకా తెచ్చుకున్నాడు గాని, దేవుడి పేరు మీద ఊదే ధైర్యం చాలలేదు. ఆళ్లగడ్డ ఆటగాళ్లలో ఒకడు పరుగు మధ్యలో లెంపలేసుకున్నాడు. అతను అటు లెంపలేసుకుంటుండగా ఇటు పౌలు బంతి బుట్టలో వేశాడు.

స్కోరు నంద్యాల పదహారు, ఆళ్లగడ్డ ఇరవై దాకా వచ్చింది. చక్రపాణికి తన తెలివి మీద తనకే గౌరవం కలిగింది. సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ కెప్టెన్, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రవాడు, బెంచీ వైపు తిరిగి నవ్వాడు. చక్రపాణి నోరు తెరిచేలోపే "ఇంగ కారంజ!" అని తనే అరిచి, పోయి ఆ కారంజ ముందే నిలబడ్డాడు. ఆ తర్వాత జ్వాల. ఆ తర్వాత అహోబిల. ఒక్కటీ తప్పలేదు.

సగం ఆట ముగిసి విరామం ఇచ్చారు. ఆ కుర్రవాడు నేరుగా బెంచీ దగ్గరికి వచ్చాడు.

"బాగుండావా చిన్నాయనా?"

చక్రపాణి తలెత్తి చూశాడు. ముక్కు చూస్తే తెలిసినట్టే ఉంది, మనిషి మాత్రం తెలియలేదు.

"నేను వరదరాజులు. పార్థసారథి కొడుకుని. నువ్వు పోయేటప్పుడు నాకు పదేండ్లు. ఆ పేర్ల వరుస మా నాయన నాకు పలక మీద రాసి నేర్పినాడు చిన్నాయనా. ఇంగ నా కాడ దాస్తే ఎట్ల దాగుతుంది?"

చక్రపాణి బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ వరుస తనకు నేర్పింది కూడా ఆ అన్నే. "మీ నాయన..." అన్నాడు, ఆగాడు. "నా మాట ఎప్పుడన్నా చెప్తాడా?"

"చెప్పడు. నంద్యాల బస్సు వస్తే మాత్రం వాకిట్లోకి వచ్చి చూస్తాడు. దిగినోళ్లందరూ పోయేదాకా నిలబడుకోని, మళ్లా లోపలికి పోతాడు."

కిటికీలోంచి వీధి వైపు చూసిన ఆ పూట చక్రపాణి కళ్ల ముందు కదిలింది. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే బస్సు వైపు చూస్తున్నారన్నమాట, వేరువేరు చివర్ల నుంచి. ఏదో ఒకటి అనాలని ఉంది. "పో నాయనా, నీళ్లు తాగు. ఆట మొదలైతాంది" అని మాత్రం అన్నాడు.

ఈ మాటల మధ్య రెండు జట్లూ నియమం ప్రకారం వైపులు మారాయి. ఇంతవరకు నంద్యాల వేస్తున్న బుట్ట ఇక ఆళ్లగడ్డ వేయాల్సిన బుట్ట. చక్రపాణి అది చూడలేదు. రెండో సగమంతా ఆయన అరచేతిలోని చింతగింజలే చూస్తూ కూర్చున్నాడు. పిలవడం మానేశాడు; పిలవాల్సిన అవసరం కూడా లేదు, వరుస అందరికీ నోటికి వచ్చేసింది. చేతులు గింజలు మారుస్తున్నాయి గాని మనసు అహోబిలం వీధిలో నిలబడి ఉంది.

కోర్టులో మాత్రం కొత్త పరిణామం జరిగింది. వేయడానికి వంతు లేని నలుగురూ చేతులు ఊరుకోక అడ్డుకునే పనిలో పడ్డారు. అంతమంది ఒక్కసారి మీద పడేసరికి ఆళ్లగడ్డ వాళ్లకు ఊపిరాడలేదు. స్కోరు దగ్గరికి వచ్చింది, దాంతో పాటు ఫౌళ్లూ పెరిగాయి. మద్దిలేటికి ఐదో ఫౌల్ పడింది. బయటికి పొమ్మని రెఫరీ చెయ్యి చూపగానే, ఇక జీవితంలో రింగుకు బంతి విసరనక్కర్లేదన్న సంతోషంతో అతను దండం పెట్టి మరీ బయటికి వచ్చాడు. అతని స్థానంలో ఆరో ఆటగాడు దిగాడు. ఇతను తనను ఎలాగూ ఆడించరనే ధీమాతో మధ్యాహ్నం మూడు విస్తళ్ల పులిహోర తిని, చక్రపాణి వాటా కూడా తానే తిన్నాడు. మూడు నిమిషాలు పరిగెత్తి, కడుపు పట్టుకుని సున్నపు గీత పక్కన పడుకున్నాడు.

స్కోరు ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది. ఇంకా నిమిషం ఉంది. రెఫరీ జాబితా తీసి చూశాడు.

"పదో నంబరు యాడ?"

"ఆ పేరు ఊరికే రాసినానప్పా" అన్నాడు చక్రపాణి కంగారుగా. "ఏడు పేర్లు కావాల అంటే..."

"పేరుంది, మనిషుండాడు. దిగాల. బేగా రా."

"నంబరు లేదు గదా వీపు మీద?"

ఆ సాకు కూడా నిలవలేదు. ఆయన సంచిలో నామం పెట్టుకునే తిరుచూర్ణం ఉంటుందని మద్దిలేటికి తెలుసు. ఎర్రటి ఆ పొడిని నీళ్లలో కలిపి వేలితో తెల్ల చొక్కా వీపు మీద పెద్ద పది వేశాడు. చక్రపాణి పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి, కోర్టుకు దండం పెట్టి లోపలికి నడిచాడు. జనం "గోవిందా!" అని మైదానం దద్దరిల్లేట్టు అరిచారు. పరిగెత్తే ఓపిక లేదు గనక, బంతి ఎలాగైనా బుట్ట దగ్గరికే వస్తుందని ఆలోచించి, పోయి దగ్గరున్న బుట్ట కింద నిలబడ్డాడు. మొదటి సగంలో నంద్యాల వేసింది ఆ బుట్టలోనే.

ఆళ్లగడ్డ వేసిన బంతి గురి తప్పింది. వెంకటేశ్వర్లు దాన్ని అందుకుని నడిగీత దగ్గరున్న పౌలుకు విసిరాడు. పౌలు ముందు ఒక్క మనిషి లేడు. నాలుగడుగులు వేసి చెయ్యి చాపితే కప్పూ మామిడిపండ్లూ నంద్యాలవే.

"ఎయ్యి పౌలూ!" అని జనం గోల పెట్టారు.

పౌలు ఆగాడు. "అందరి వంతూ అయిపాయ. వరుస మళ్లా మొదటికి వచ్చింది. నేనెట్లేస్తా?" అని బంతిని వెనక్కి, వెంకటేశ్వర్లుకు ఇచ్చాడు.

"నేనేస్తే రేపు శెట్టి కాడ నా పేరు చెప్పడానికా?" అన్నాడు వెంకటేశ్వర్లు. మొదటి వంతు మద్దిలేటిది. మద్దిలేటి పోయాడు, అతని బదులు వచ్చినవాడు పడుకున్నాడు, ఆ బదులుకు బదులు వచ్చినవాడు పంచె ఎగ్గట్టుకుని బుట్ట కింద ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.

"సామీ, నీ వంతు!"

బంతి వచ్చి చక్రపాణి పొట్టకు తగిలి, చేతుల్లో ఆగింది. ఏడేళ్లలో గాలి కొట్టడానికి తప్ప ఆయన దాన్ని ముట్టుకోలేదు. చుట్టూ ఐదొందల మంది తనను చూస్తున్నారు. ఇద్దరు మనుషులు నోరారా "నీ వంతు" అంటున్నారు. ఆ మాట విని ఆయనకు పన్నెండేళ్లయింది. ఆ క్షణాన ఆయనకు కలిగింది ఆనందమే, మరొకటి కాదు.

"చిన్నాయనా! ఆ పక్క కాదు!" అవతలి నుంచి వరదరాజులు చెయ్యి ఊపుతూ అరిచాడు. "అది మీ బుట్ట! ఈ పక్క!"

మైదానం మొత్తం మీద నిజం చెప్పింది అతనొక్కడే. చక్రపాణి అతన్ని చూసి ప్రేమగా నవ్వాడు. ఎదుటి జట్టు కెప్టెన్ ఇంకేం చెప్తాడు? జీవితమంతా అన్న ఇంటి మాటకు తలవంచినవాడు, తన వంతును ఈ ఒక్కసారి మాత్రం వదులుకోకూడదని గట్టిగా అనుకున్నాడు. రెండు చేతులతో బంతిని కింది నుంచి, తీర్థపు గిన్నె ఎత్తినట్టు మెల్లగా పైకి వదిలాడు. అది రింగును కూడా తాకకుండా బుట్టలోంచి జారి కింద పడింది. అంత శుభ్రమైన గోలు ఆ టోర్నమెంటులో పౌలు కూడా వేయలేదు.

ఆళ్లగడ్డ నలభై, నంద్యాల ముప్పై ఎనిమిది. విజిల్ మోగింది. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా తేరుకుంది జానకమ్మ. "గోవిందా!" అంది.

మామిడి గంపల పక్కన నిలబడి వరదరాజులు అడిగాడు. "అహోబిలం బస్సుకు టైముంది. ఇంటికి రా చిన్నాయనా. నాయన వాకిట్లోనే ఉంటాడు."

పోవాలని ఎంత ఉందో పోవడానికి అంత సిగ్గు వేసింది. "వీళ్లను నంద్యాలకు చేర్చాల గదప్పా" అన్నాడు చక్రపాణి. తిరుగు బస్సులో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. వెనక సీట్లో పౌలూ వెంకటేశ్వర్లూ పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుకోవడం అద్దంలో కనబడింది. ఒకరి మీద ఒకరు చెప్పుకోబోయే చాడీలకు సాక్ష్యాలు పోగేసుకుంటున్నారని ఆయన అనుకున్నాడు. వీపు మీద ఎర్రటి పది అలాగే ఉంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ కలిసి శెట్టిగారి గదిలోకి వెళ్లారు. తలుపు బయట బల్ల దగ్గర కూర్చున్న చక్రపాణికి కలం కదల్లేదు. అరుగు, కూజా, ఆరు గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. ఇద్దరూ బయటికి వచ్చి ఆయన మొహం చూడకుండా వెళ్లిపోయారు. శెట్టిగారు లోపలికి పిలిచారు.

"టీమ్ మూసేస్తాండారా?" అన్నాడు చక్రపాణి నిలబడే.

"యాల మూస్తా? ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది ఏడేండ్లలో ఇదే మొదలు. నాకు కావాల్సింది అదే గదా!" శెట్టిగారి మొహం వెలిగిపోతోంది. "ఎట్ల కలిపినావో గాని, బాగా కలిపినావు సామీ."

"ఏ మాట మీద నిలబడినారు?"

"నిన్ను మేనేజరుగా తీసేయమని."

ఆ సాయంత్రం చక్రపాణి కూజా నింపలేదు. ఒక్క గ్లాసు తీసి గూట్లో పెట్టాడు. ఆరు కొట్టింది. తలుపు దగ్గరగా వేసి, చాప మీద కూర్చుని, తన నిర్ణయం ప్రకారం దేనికీ ఎదురుచూడకుండా వీధి శబ్దాలన్నీ ఒక్కటీ వదలకుండా విన్నాడు. ఆరుంపావు అయింది. అరుగు మీద ఎవరో దబ్బున కూలబడ్డారు. ఆ బరువు మద్దిలేటిదే.

పౌలు వంగి తలుపు తోశాడు. "ఏం సామీ, కూజా యాడ? నీళ్లు పెట్టనే లేదే?"

"నేనిప్పుడు మేనేజర్ని కాదు గదప్పా."

"అయితే? మేనేజరుకేమన్నా అరుగు రాసిచ్చినారా?" అన్నాడు వెనక నుంచి వెంకటేశ్వర్లు. "తీసేయమన్నది ఆ వరుస పెట్టినోన్ని. నిన్ను ఎవరు తీసేయమన్నారు? నిన్నటి పులిహోర కొంచెమన్నా మిగిలిందా?"

చక్రపాణి లోపలికి వెళ్లి, కాసేపు గోడ వైపు తిరిగి నిలబడి, కళ్లు తుడుచుకుని, కూజా నింపి ఆరు గ్లాసులతో బయటికి వచ్చాడు. నిన్న ఎవడు ఎవడికి బంతి ఇవ్వలేదన్న తగాదా అప్పటికే మొదలైంది. ఆయన గడపలో కూర్చుని "ఊ" అన్నాడు.

"అది సరే సామీ, నువ్వేసిన రెండు పాయింట్లు పుస్తకంలో ఎవరి పేరు మీద ఎక్కినాయో తెలుసా?" అన్నాడు వెంకటేశ్వర్లు నవ్వాపుకుంటూ. "మన బుట్టలో మనమే ఏస్తే అవి ఎదుటి కెప్టెన్ పేర రాస్తారంట. ఆ వరదరాజులు పేరు మీద రాసినారు."

చక్రపాణి తన వంతును అన్నగారింటికి ఇచ్చేయడం అది రెండోసారి. ఈసారి మాత్రం చూసి గోవింద కొట్టడానికి ఐదొందల మంది ఉన్నారు.